ఆ ఇద్దరికీ వచ్చిన జ్వరం

ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకున్న ఒక కథలోంచి ప్రేమను మాత్రం తొలగించి, తక్కిన భాగమంతా యథాతథంగా పాఠకులకు అందించాలని ఒక సుప్రసిద్ధ ప్రచురణ సంస్థ తీర్మానించింది. బియ్యంలోంచి రాళ్ళు ఏరడం లాంటిదే ఇదీ అని సంస్థ యజమాని సెలవిచ్చాడు. ఏరగా మిగిలేది బియ్యమా, రాళ్ళా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్ళు జీతగాళ్ళు గనక పైకి అనలేదు.

సదరు సంస్థ పరీక్షల గైడ్లకూ, గోడ క్యాలెండర్లకూ, 'మర్యాదగా మెలగడం ఎలా' అనే గ్రంథానికీ పేరుపడింది. ఆ గ్రంథాన్ని పెళ్ళిళ్ళలో చదివింపుల కింద ఇచ్చేవాళ్ళే తప్ప రంగుకాగితం విప్పి చూసినవాళ్ళు లేరు. అందువల్ల దానిమీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అంతటి మచ్చలేని సంస్థ చేతికి ప్రేమకథ ఎలా చిక్కిందంటే, తప్పు అట్టదే. ఈ కాలం పిల్లలు మాంగా అనే జపాను బొమ్మల నవలల కోసం ఎగబడుతున్నారని విని, యజమాని పుస్తకాల సంతలో ఒకటి ఎంచుకున్నాడు. అట్టమీద ఒక ఇస్త్రీ దుకాణం. లోపలివాడు మడతపెట్టిన చొక్కా అందిస్తున్నాడు, బయటివాడు అందుకుంటున్నాడు. ఇది వ్యాపారంలో మంచి నడవడిక గురించిన పుస్తకమని యజమాని నిశ్చయించుకున్నాడు. ఒప్పందం మీద సంతకం చేశాడు. విదేశీ ప్రతినిధి చెయ్యి పట్టుకుని పత్రికల్లో ఫొటో వేయించుకున్నాడు. బడుల గ్రంథాలయాలన్నిటికీ పంపుతానని మాటిచ్చేశాడు.

అనువాదానికి ఒక మనిషి దొరికాడు. కుట్టుమిషన్ల కంపెనీలో ఏళ్ళ తరబడి జపాను భాషలోంచి యంత్రాల వాడకం పుస్తకాలు మార్చినవాడు. అలాంటి పుస్తకాలన్నీ 'హెచ్చరిక' అన్న మాటతో మొదలవుతాయి గనక ఆఫీసులో అతన్ని హెచ్చరిక గారు అనేవాళ్ళు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. అద్దెగదిలో అతనికి ఒక గ్లాసు, ఒక కంచం ఉండేవి. ఎవరైనా వస్తే కంచం వాళ్ళకిచ్చి తను గిన్నెమూతలో తినేవాడు. అక్క తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కారు గనక మూతకు పెద్దగా పని పడలేదు.

అనువాదం మొదటి ప్రతి ప్రూఫులు దిద్దే ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడను అందరూ పిన్నిగారు అంటారు. ఆవిడకంటే పెద్దవాడైన యజమాని కూడా అంతే. పిన్నిగారు భోజనానికి లేవకుండా చదివి, ముక్కు తుడుచుకుంటూ యజమాని గదిలోకి వచ్చింది.

"ఎలా ఉంది పిన్నిగారూ?"

"బాగుందండీ. వాళ్ళిద్దరూ ప్రేమించుకుంటున్నారు."

"ఎవర్ని?"

"ఒకర్నొకరు."

యజమాని కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "ఇద్దరూ మగవాళ్ళే కదా?"

"మొదటి పేజీ నుంచీ," అంది పిన్నిగారు.

కథ చాలా చిన్నది. ఒకడు బట్టలు ఇస్త్రీ చేస్తాడు. మరొకడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరికీ ఎవరూ లేరు. లిఫ్టువాడి చొక్కా జేబు చిరిగి ఉంటే ఇస్త్రీవాడు అడక్కుండానే కుట్టిపెడతాడు. లిఫ్టువాడు ఆ జేబును తడుముకుంటూ పనికి పోతాడు. ఆ తడుముకోవడానికే రెండు పేజీలు పట్టింది. ఆ తర్వాత అతను మాయని చొక్కాలు కూడా ఇస్త్రీకి తేవడం మొదలుపెడతాడు. ఒక వానరోజు గొడుగు లేక దుకాణంలోనే ఉండిపోతాడు. ఇంత లావు పుస్తకంలో వాళ్ళు చేసిన ఘోరమల్లా, చివరికొచ్చేసరికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం.

ఫొటో పత్రికల్లో పడిపోయింది గనక వెనక్కి తగ్గే వీల్లేదు. యజమాని తన సంస్థకు విలువల సలహాదారుగా ఉన్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి పిలిపించాడు. సలహాదారు పుస్తకాన్ని పరిశీలన నిమిత్తం ఇంటికి తీసుకుపోయి, క్షుణ్ణంగా పరిశీలించి తిరిగి తెచ్చాడు. ఎంత క్షుణ్ణంగానంటే, బల్లమీద పెట్టగానే పుస్తకం దానంతటదే వాన పేజీల దగ్గర తెరుచుకుంది. ఆయన దాన్ని మూసి, గొంతు సవరించుకుని, ఉద్యోగులందరి ఎదుటా ప్రసంగించాడు.

"మగవాడికీ మగవాడికీ మధ్య ఉండదగిన సంబంధాలేమిటో పెద్దలు ఏనాడో నిర్ణయించారు. అన్నదమ్ములుగా ఉండవచ్చు. ఆ తర్వాత ఆస్తి కోసం కోర్టుకెక్కవచ్చు. గురుశిష్యులుగా ఉండవచ్చు. శత్రువులై ఒకరి తల ఒకరు నరుక్కోవచ్చు. అందులో వీరరసం ఉంది, పిల్లలకు మంచిది. కానీ ఒకడి చొక్కాకు మరొకడు జేబు కుట్టడం, దాన్ని గురించి వాడు రెండు పేజీలు ఆలోచించడం, ఇది ఏ రసం కిందికీ రాదు."

కనుక ప్రేమను తొలగించాలి. మాటలు మార్చడం హెచ్చరిక వంతు. బొమ్మలు మార్చడానికి సంస్థ బొమ్మలాయన ఉన్నాడు. క్యాలెండర్ల మీద ఉన్న పాత తేదీలను, గైడ్లలోని తప్పు పటాలను తెల్లసిరాతో కప్పి కొత్తవి వేయడం అతని ఉద్యోగం గనక అతన్ని సున్నం గారు అనేవాళ్ళు. అతనికి పూర్వం పెళ్ళయింది. భార్య కొన్నాళ్ళు చూసి, "నువ్వు మంచివాడివే, కానీ ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటావు," అని చెప్పి, గొడవేమీ పడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మాట నిజమేనని సున్నం ఒప్పుకున్నాడు. అప్పటినుంచీ అతను సొంత ఒంట్లో కూడా అద్దెకున్నట్టే ఉంటున్నాడు.

కాగితం కట్టలు పెట్టే గోదాము పక్కనున్న చిన్న గదిలో ఇద్దరికీ ఒకే బల్ల వేశారు. మొట్టమొదట బొమ్మలన్నిటినీ అద్దంలో చూసినట్టు తిప్పారు. ఆ దేశంవాళ్ళు కుడినుంచి ఎడమకు చదువుతారు, మనం అలా చదవం కదా. తిప్పేసరికి పాత్రలందరూ ఎడమచేతివాళ్ళయ్యారు, ఇద్దరికీ గుండె కుడివైపుకు పోయింది. గుండె ఉండవలసిన చోట లేకపోతే సగం ప్రమాదం తప్పినట్టేనని సలహాదారు సంతోషించాడు.

తర్వాత వాళ్ళను అన్నదమ్ములుగా ప్రకటించారు. చిన్నప్పుడు తిరునాళ్ళలాంటి ఏదో జనసమ్మర్దంలో విడిపోయినట్టు మొదటి పేజీలోనే రాసేశారు. కానీ తమ్ముణ్ణి చూసినప్పుడల్లా అన్న బుగ్గలు ఎర్రబడుతున్నాయి. మాంగాలో సిగ్గును బుగ్గలమీద చిన్న చిన్న గీతలుగా వేస్తారు. అవి చెరపబోతే ముఖాలు పాలిపోయి శవాల్లా కనిపించాయి. అప్పుడు సలహాదారు, గీతలు ఉండనిచ్చి కారణం మార్చమన్నాడు. అలా అన్నగారికి జ్వరం వచ్చింది. 'నిన్ను చూస్తే మాటలు రావు' అన్నచోట 'గొంతు నొప్పిగా ఉంది' అని పెట్టారు. 'నిద్రపట్టడం లేదు' అన్నదాన్ని మార్చనే అక్కర్లేకపోయింది. తమ్ముడి బుగ్గలూ ఎర్రబడటంతో అతనికీ అంటుకుంది. సున్నం పాపం అక్కడక్కడా నోట్లో థర్మామీటరు వేశాడు. పుస్తకం సగానికి వచ్చేసరికి అది టైఫాయిడని తేలింది.

యజమానికి ఇది నచ్చలేదు. రోగిష్టి పుస్తకం బడిపిల్లలు కొనరన్నాడు. అన్నదమ్ములకు బదులు బావా బావమరుదులను చేయమన్నాడు. హెచ్చరిక, పాత్రల మాటలు రాసే బుడగల్లో ఒక్కోదానికీ 'బావా' చేర్చాడు. పిన్నిగారు పరీక్షగా గట్టిగా చదివింది. "బావా, నువ్వు రాకపోతే దుకాణం తీయబుద్ధి కాలేదు." అచ్చు యంత్రాల దగ్గరివాళ్ళు పని ఆపి విన్నారు. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన భార్య ఆయనకు మేనమరదలు, పెళ్ళికి ముందు ఇలాగే మాట్లాడేదట, ఇప్పుడు మాట్లాడదట. సలహాదారు వెంటనే 'బావ'ను నిషేధించాడు. ఇన్నాళ్ళూ ఈ మాట ఇంత ప్రమాదకరమైనదని తెలియక జనం నట్టింట్లో వాడుతున్నారని వాపోయాడు.

ఇక మిగిలిన దారి ఒకణ్ణి ఆడదాన్ని చేయడం. సున్నం లిఫ్టువాడికి జడా, కమ్మలూ వేశాడు. సలహాదారు రెండు పేజీలు చదివి అదిరిపడ్డాడు. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఊరంతా తిరిగి లిఫ్టులెక్కడమేమిటి, పరాయి మగవాడి కొట్టుకు రోజూ పోవడమేమిటి, వానరోజు అక్కడే ఉండిపోవడమేమిటి అన్నాడు. ఆడది చేయదగని పనులన్నీ చేస్తోంది గనక తక్షణం మళ్ళీ మగవాణ్ణి చేయవలసిందని ఆదేశించాడు. కమ్మలు చెరిపారు. ఒకచోట జడ చెరపడం మరిచిపోతే, లిఫ్టుతాడు అని కింద రాశారు. తిరిగి తిరిగి అన్నదమ్ములూ టైఫాయిడే ఖాయమైంది.

ఈ సవరణలన్నీ జరుగుతున్న కాలంలో, సవరించేవాళ్ళ సంగతి ఎవరూ గమనించలేదు. గమనించినవాళ్ళు మెచ్చుకున్నారు.

హెచ్చరిక ఇంతకుముందు అనువదించిన పుస్తకాల్లో 'నేను' ఉండదు, 'నువ్వు' ఉండదు. మూత తీయుము, తడిచేత్తో తాకరాదు, అంతే. ఈ పుస్తకంలో ప్రతి బుడగలోనూ ఒక నేనూ ఒక నువ్వూ ఉన్నారు. మార్చేముందు అసలు మాట చదివి వినిపించాలి, సున్నం బుడగ కొలత చూసుకోవాలి. అదీ పద్ధతి.

"'నువ్వు రాని రోజు ఈ వీధి పొడుగ్గా ఉంటుంది' అంటున్నాడు," అని ఒకనాడు హెచ్చరిక చదివాడు.

"ఏం చేద్దామంటారు?"

"'మునిసిపాలిటీవాళ్ళు వీధిని పొడిగించారు' అందాం."

సున్నం కొలిచి చూశాడు. "పడుతుంది. అసలుది ఇంకోసారి చదవండి."

"కొలతకా?"

"కొలత అయిపోయింది. ఊరికే చదవండి."

హెచ్చరిక చదివాడు. ఇందాకటికంటే మెల్లగా చదివాడు. ఆ తర్వాత వీధిని పొడిగించారు.

హెచ్చరిక మధ్యాహ్నం రొట్టె ఒకటి తెచ్చుకుని గోడవైపు తిరిగి తినేవాడు. సున్నం తన డబ్బాలో అన్నం ఎక్కువ తేవడం మొదలుపెట్టి, మిగిలిపోతోందని అబద్ధమాడి పెట్టేవాడు. మిగలని రోజున కూడా మిగిలిందనేవాడు. సాయంత్రం పని అయిపోయాక పనిగురించే మాట్లాడుకుంటూ ఇద్దరూ బస్టాపు దాటి నడిచిపోయేవాళ్ళు. ఇది చూసి యజమాని మిగతా ఉద్యోగులను మందలించాడు. "చూడండి, ఒకే కంచంలో తింటున్నారు. సఖ్యత అంటే అలా ఉండాలి. మీరేమో ఫ్యాను కోసం కొట్టుకుంటారు."

చివరికి చేతులు పట్టుకునే పేజీ వచ్చింది. రెండు చేతులనూ విడదీసి మధ్యలో ఒక ఇస్త్రీపెట్టె పెట్టాలని సలహాదారు ఉత్తర్వు. సున్నం ఎన్నిసార్లు వేసినా కుదరలేదు. వేళ్ళు విడివడి కూడా ఒకదానివైపు ఒకటి చూస్తూనే ఉన్నాయి.

"అసలు ఎలా పట్టుకుంటారో చూస్తేగానీ ఎలా వదులుతారో తెలిసేట్టు లేదు," అన్నాడు సున్నం. "మీ చెయ్యి ఒకసారి ఇస్తారా?"

హెచ్చరిక కలం కింద పెట్టి చెయ్యి ఇచ్చాడు. సున్నం పట్టుకున్నాడు. అది అతను బొమ్మలు వేసే చెయ్యే కావడంతో పని అక్కడితో ఆగింది.

"చల్లగా ఉన్నాయి మీ వేళ్ళు," అన్నాడు హెచ్చరిక.

"ఇప్పుడే సిరా కడిగాను." చెయ్యి వదలకుండానే అన్నాడు సున్నం, "వదిలేయమంటే వదిలేస్తాను."

"ఎవరైనా అడిగితే పని అని చెబుదాం."

"ఎవరూ అడగనప్పుడో?"

హెచ్చరిక తడిచేత్తో తాకరాదని రాసినవాడేగానీ, తాకితే ఏం చెప్పాలో రాసినవాడు కాదు. "అప్పుడు మీరు నన్ను మీరు అనకండి," అన్నాడు.

అదే సమయానికి యజమాని తలుపు తోసుకుని వచ్చి, ఇద్దరినీ చూసి, పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. చేతుల దాకా వచ్చిందని హెచ్చరిక విన్నవించాడు. కానివ్వండి, తొందరేం లేదు, మంచి పనికి టైము పడుతుంది అని ఆయన వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక సున్నం అన్నాడు, "నువ్వు పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?"

అంతే. ఇంతకంటే పెద్దమాట వాళ్ళిద్దరూ అనుకోలేదు. పుస్తకంలో ఆ పేజీలో ఇస్త్రీపెట్టె పడింది. అది కొంచెం వంకరగానే పడింది.

సున్నం తన కంచం, గ్లాసు పట్టుకుని హెచ్చరిక గదికి వచ్చేశాడు. ఆ ఇంటి యజమానురాలు పరమానందపడింది. ఒంటిగాళ్ళకు గది ఇవ్వాలంటే తనకు మహా భయమనీ, ఎవరెవర్నో తెచ్చిపెడతారనీ, ఇన్నాళ్ళలో ఈ గది గుమ్మంలో అక్కగారిది తప్ప ఆడచెప్పుల జత చూడలేదనీ వాడకట్టంతా చెప్పుకుంది. తన కొడుకును వీళ్ళను చూసి నేర్చుకోమంది.

పుస్తకం అచ్చయింది. హెచ్చరిక అక్క ఆ పుస్తకాన్నీ, ఒక పెళ్ళికూతురి ఫొటోనూ సంచిలో వేసుకుని ఒక ఆదివారం తమ్ముడి గదికి వచ్చింది. సున్నం మంచినీళ్ళిచ్చి, ఏదో పనుందని బయటికి వెళ్ళాడు.

"మీ పుస్తకం చదివానురా," అంది అక్క. "అంత జ్వరం పెట్టుకుని ఒక్కడూ డాక్టరు దగ్గరికి పోడేమిటి?"

"అది జ్వరం కాదక్కా."

అక్క పుస్తకం వైపు చూసింది. తాడు మీద ఆరుతున్న రెండు కొలతల చొక్కాల వైపు చూసింది. మంచం ఒకటే ఉంది. సంచిలోంచి సగం తీసిన ఫొటోను మళ్ళీ లోపల పెట్టేసింది.

"ఎప్పట్నించి?"

"పుస్తకం మొదలైనప్పట్నించేనేమో. నాకు తెలిసేసరికి సగం అయిపోయింది."

"నీతో బాగుంటాడా?"

"బాగుంటాడు. నేను నోరు విప్పేదాకా ఆగుతాడు."

"దానికి చాలా ఓపిక కావాలి," అంది అక్క. "చిన్నప్పట్నించీ నాకే లేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ బావకు నేనుగా చెప్పను. అడిగితే అబద్ధం ఆడను. నన్ను ఆడమని నువ్వూ అడక్కు."

"అడగను."

"ఆ కిటికీకి పరదా కొనుక్కోండి. ఎండ మొహాన కొడుతోంది." వెళ్ళేటప్పుడు పరదాకు కిటికీ కొలత జానలతో తనే కొలుచుకుని పోయింది.

పుస్తకానికి ఆ సంవత్సరం సోదరభావ పురస్కారం వచ్చింది. సభ నిండింది. ఇలాంటి అన్నదమ్ములు ఈ రోజుల్లో ఎక్కడున్నారని సలహాదారు ప్రశ్నించి, ఎక్కడో ఎందుకు, ఇక్కడే ఉన్నారని జవాబు చెప్పాడు. పుస్తకాన్ని తీర్చిదిద్దిన ఈ ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ, ఒకే కూర తింటూ, ఆడవాళ్ళ ఊసు లేకుండా బతుకుతున్న ఆదర్శమూర్తులని కొనియాడాడు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. హెచ్చరిక ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. మీరూ రెండు మాటలు చెప్పండని సున్నాన్ని మైకు దగ్గరికి తోశారు. జీవితంలో మొదటిసారి మైకు ముందు నిలబడ్డవాడు, ఏం చెప్పాలో తెలియక ఉన్నది చెప్పాడు.

"ఆ ఇద్దరికీ జ్వరం లేదండీ. నేనే పెట్టాను. వాళ్ళు అన్నదమ్ములు కూడా కారు." మెడమీద శాలువా సర్దుకున్నాడు. "మేమూ కాదు. మేమూ ఆరోగ్యంగానే ఉన్నాం."

పిన్నిగారు ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఒకరు కొడితే తక్కినవాళ్ళు కొట్టడం అలవాటు గనక హాలంతా మారుమోగింది. అర్థం చేసుకోవడం ఇంటికి పోయే దారిలో జరిగింది.

మర్నాటికల్లా విషయం ఊరంతా పాకింది. తనకు మొదటినుంచీ అనుమానంగానే ఉందనీ, వాన పేజీలను అన్నిసార్లు చదవవలసి వచ్చింది అందుకేననీ సలహాదారు ప్రకటించాడు. తొలగించినదేమిటో తెలుసుకోవాలని జనం పుస్తకాలు కొని, పేజీలను దీపానికి ఎదురుపెట్టి చూశారు. యజమాని మొదట ఇద్దరినీ పనిలోంచి తీసేశాడు. దుకాణాల్లో ప్రతులు అయిపోయాయన్న కబురు రాగానే మళ్ళీ పిలిపించాడు. ప్రేమను తిరిగి యథాస్థానంలో పెట్టి అసలు ప్రతి వేద్దామన్నాడు. ఎక్కడెక్కడ తీశారో తీసినవాళ్ళకే తెలుసు కదా. వాళ్ళు వీధిని మళ్ళీ పొట్టిచేశారు, జ్వరాలు తగ్గించారు, ఇస్త్రీపెట్టె తీసేశారు. గుండెలు ఎడమవైపుకు వచ్చాయి. దీన్ని ఎవరూ చదవరాదంటూ సలహాదారు ముందుమాట రాశాడు. ఆ ముందుమాటను అట్టమీద పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ప్రతి మొదటిదానికంటే బాగా అమ్ముడుపోయింది.

ఇంటి యజమానురాలు మాత్రం గుమ్మంలో నిలబడి, గది ఖాళీ చేయమంది.

"మీరు మంచివాళ్ళే. ఇప్పటికీ అదే అంటాను. నెలాఖరుకు వెళ్ళిపోండి."

"ఆడవాళ్ళు రావడం లేదని మెచ్చుకున్నారు కదండీ," అన్నాడు సున్నం.

"ఇప్పుడు నా భయం అదే," అందావిడ.

గది వెతకడానికి అక్క కూడా బయలుదేరింది. ఆడమనిషి వెంట ఉంటే మర్యాదగా మాట్లాడతారని ఆవిడ నమ్మకం. మర్యాదగానే మాట్లాడారు. ఒకరు చుట్టాలొస్తున్నారన్నారు. ఒకరు ఇప్పుడే ఇచ్చేశామని చెప్పి, గోడమీది బోర్డు తీయడం మరిచిపోయారు. ఒక పెద్దాయన వీళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తనకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదని అరగంట వివరించి, గది లేదని పంపేశాడు.

సాయంత్రానికి ఒక మేడ ఇంటి తలుపు తట్టారు. తలుపు తీసిన ఇల్లాలి కళ్ళు తడిగా ఉన్నాయి. చేతిలో ఆ పుస్తకమే ఉంది, అసలు ప్రతి. చదువుతున్న చోట వేలు పెట్టుకునే వచ్చింది.

"మేడమీద గది ఉందని రాశారు," అంది అక్క.

"ఉందండీ. ఎంతమంది?"

"వీళ్ళిద్దరూ."

ఆవిడ ఇద్దరివైపూ చూసింది. "ఒంటరి మగవాళ్ళకు ఇవ్వమండీ." ఎదుట ఇద్దరు నిలబడి ఉండగా ఒంటరి అన్న మాట ఎలా వచ్చిందో భాషావేత్తలు తేల్చాలి.

అక్క పుస్తకం వైపు చూపించింది. "బాగుందా అమ్మా?"

"ఏం చెప్పమంటారు, పొద్దున్నించీ ఏడుస్తూనే ఉన్నాను. పాపం, ఇద్దరికీ ఎవరూ లేరు. ఎక్కడో ఒకచోట చల్లగా కలిసుంటే బాగుండునని మనసు కొట్టుకుంటోంది."

"నాదీ అంతేనమ్మా," అంది అక్క. "ఇదిగో, వీడు మా తమ్ముడు. ఇతను మా తమ్ముడితో ఉండే మనిషి. ఎక్కడో ఒకచోట అని మీరే అన్నారు, మీ మేడ అయితే ఏం?"

ఆ ఇల్లాలు పుస్తకాన్నీ, హెచ్చరికనూ, సున్నాన్నీ వంతులవారీగా చూసింది. ఆవిడ కళ్ళలో దయ ఉంది. అది నిజం, ఎవరూ కాదనలేరు. మా ఆయన్ని అడిగి చెబుతానని తలుపు వేసుకుంది. కిటికీలోంచి చూస్తే ఆయన కనిపించలేదు. ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని, వేలు పెట్టుకున్న చోట పుస్తకం తెరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చదువుకుంటోంది.

"పదండి," అన్నాడు సున్నం. "ఆవిడ చేతుల పేజీ దగ్గరికి వచ్చి ఉంటుంది. ఇప్పుడు కదిలించకూడదు."

ప్రస్తుతం వాళ్ళు కాగితం గోదాములో ఉంటున్నారు. రికార్డుల్లో ఇద్దరినీ కాపలావాళ్ళుగా చూపించి యజమాని ధర్మాత్ముడనిపించుకున్నాడు. అక్క కుట్టిన పరదా గోదాము కిటికీకి పొట్టిదైంది, అయినా వేలాడదీశారు. కాగితం కట్టల మధ్య ఒక పొయ్యి, రెండు కంచాలు. హెచ్చరిక ఈమధ్య వాగుడుకాయగా మారాడని పిన్నిగారు అంటోంది. రాబోయే వానల్లోగా గోదామును ఖాళీ చేయించి కొత్త యంత్రం పెట్టాలని ఒక ప్రతిపాదన ఉంది.

కాబట్టి పాఠక మహాశయులకు మనవి. మీరు దయగలవారు, చదువరులు, ఇంతదాకా వచ్చారంటే కథలంటే ప్రాణం ఉన్నవారు. మీ మేడమీద గాని, పెరటివైపు గాని గది ఖాళీగా ఉంటే ఆ ఇద్దరికీ కబురు పంపగలరు. తొందరేమీ లేదు. ముందు కళ్ళు తుడుచుకోండి, ఇంట్లోవాళ్ళను అడగండి. వాళ్ళు ఒప్పుకోకపోతే, ఇంకో కథ చదవండి.